నలభై రోజుల కప్లర్

"లారీ గొట్టం ముక్క విమానానికా?"

జయంత్ నవ్వి, తన దగ్గర మెకానిక్‌గా పనిచేసే గుల్నాజ్ చేతిలోని నల్లటి కప్లర్‌ని పక్కకి తోసేశాడు.

పెదపాడు చెరువుగట్టు మీద, పిట్టల్ని బెదరగొట్టడానికి రిమోట్‌తో ఎగరేసే పెట్రోలు మోడల్ విమానం నీళ్ళోడుతోంది. చెరువులో పడటం ఈ నెలలో మూడోసారి. ఇంజన్‌నీ సైలెన్సర్‌నీ కలిపే చిన్న రబ్బరు గొట్టం, అదే కప్లర్, చిరుగుతుంది, సెగకి వైర్లు కాలిపోతాయి, విమానం కూలిపోతుంది. అది పైన తిరగకపోతే నీటికాకులు చేపపిల్లల్ని మిగల్చవు. ఇంకొక్కసారి పడితే వేరేవాళ్ళని పెట్టుకుంటానని చెరువుల యజమాని వెంకట్రాజు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

గుల్నాజ్ నెమ్మదిగానే చెప్పింది. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్న హసన్ లారీ టర్బో గొట్టాలు బాగుచేస్తాడు. వాటిలో నాలుగు పొరల గుడ్డ ఉంటుంది, ఎంత సెగకైనా ఆగుతుంది. ఈ కప్లర్ ఆయన అలాంటి గొట్టంతోనే చేసిచ్చాడు.

"మీ నాన్నగారి పనితనాన్ని కాదనను. కానీ ఈసారి పడితే నా కాంట్రాక్టుతోపాటు నీ ఉద్యోగమూ పోతుంది," అంటూ జయంత్ ఫారిన్ నుంచి తెప్పించిన కప్లర్ ప్యాకెట్ ఆమెకిచ్చాడు. అదీ నల్లటిదే. ఇంతలో ఫోనొస్తే మాట్లాడుతూ గట్టు దిగాడు.

తిరిగొచ్చేసరికి ఆమె క్లాంపులు బిగిస్తోంది.

"వేశావా?"

"వేశానండి."

"పడదుగా?"

"పడితే రేపట్నించి నేను రానండి."

విమానం లేచింది. నీటికాకులు గుంపులుగా కొల్లేరు వైపు పారిపోయాయి.

ఇదివరకటివి నాలుగు రోజులకే చిరిగేవి. ఇది వారం దాటింది, నెల దాటింది. మసి పట్టిన కప్లర్‌ని జయంత్ రోజూ వేలితో నొక్కి చూసి మురిసిపోయేవాడు. నలభయ్యో రోజున వెంకట్రాజు తానే వచ్చి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ఒక్క చీలిక లేదు.

"చేసినవాళ్ళెవరోగానీ, ఆ చేతులకి దండం పెట్టాలయ్యా," అన్నాడు. "మా సంఘంలో ఇంకో పన్నెండు విమానాలున్నాయి. అన్నిటికీ ఇదే వేయించు."

గుల్నాజ్ తలెత్తకుండా స్పానర్ తుడుస్తోంది.

"చూశావా, ఫారిన్ సరుకంటే అదీ," అన్నాడు జయంత్. "ఆ ప్యాకెట్ ఉంటే పట్రా. దాని మీద నంబరు చూసి ఆర్డర్ పెడతాను."

ఆమె టూల్‌బాక్స్ అడుగునుంచి ప్యాకెట్ తీసి, తిన్నగా వెంకట్రాజు చేతికే ఇచ్చింది.

దాని సీలు ఇంకా విప్పలేదు.