ఆఖరి నాలుగు నిమిషాలు

"తెర అటుంది తాతా. మా మొహాల మీద ఏం బొమ్మ ఆడుతోందని చూస్తున్నావు?"

రెండో వరసలోంచి మిసెస్ రిమ్మర్ అలా అనగానే ముందు వరసలవాళ్లు కిసుక్కున నవ్వారు.

"నేను ఏడవాలా వద్దా? కళ్లార్పకుండా చూస్తుంటే ఏడుపెలా వస్తుంది?"

ముసలాయన కదల్లేదు. మొదటి వరసలో, తెరకు వీపు పెట్టి, జనం వైపే తిరిగి కూర్చున్నాడు.

సోమవారం నుంచీ ఇదే తంతు. ఈరోజు శుక్రవారం.

ఫ్లీట్‌వుడ్ రేవుకంతటికీ అదొక్కటే సినిమా హాలు. రోజుకు ఒకటే ఆట. వేటకు పోయి తిరిగి రాని చేపల పడవ కథ ఆడుతోంది. చూసేవాళ్లంతా పడవలవాళ్ల పెళ్లాలు, తల్లులు.

చీకట్లో టార్చి వేసి జనాన్ని కూర్చోబెట్టేది హిల్డా. పదకొండేళ్లుగా ఆ టార్చే ఆమె కూడు.

మేనేజరు కార్డ్‌వెల్ ఆమె చెవిలో గొణిగాడు.

"చూశావా? వేళ్లు మడిచి లెక్క పెడుతున్నాడు."

"ఏం లెక్క సార్?"

"ఖాళీ సీట్లు. లండన్ నుంచి దిగిన బింగో మనిషి. పక్క ఊళ్లో హాలు ఇలాగే చూసిపోయారు. నెల తిరక్కుండా బొమ్మలు మానేసి బింగో పెట్టారు."

హిల్డా చేతిలోని టార్చి వైపు చూసుకుంది. దీపాల వెలుగులో చీట్ల మీద అంకెలు కొట్టుకునే బింగో ఆటకు టార్చి మనిషితో పనేముంది?

"బయటికి పంపు. నీవల్ల కాకపోతే టార్చి నా బల్ల మీద పెట్టి నువ్వెళ్లు."

బొమ్మ ముగింపుకొచ్చింది. ఏ బొమ్మకైనా తోపులాట మొదలయ్యే వేళ అది. బొమ్మ అవగానే జాతీయగీతం, రాణిగారి పాట, వేస్తారు. అది వచ్చిందా, లేచి కొయ్యలా నిలబడాలి. అందుకే పాట అందుకునేలోపల జనం గుమ్మం దాటేస్తారు.

హిల్డా వంగింది. "లేవండి పెద్దాయనా."

"చెవులు పనిచెయ్యవమ్మా."

"కళ్లు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి! లేవండి."

టార్చితో గుమ్మం చూపించింది. ఆయనకు అర్థమైంది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాలుగు నిమిషాలు. నాలుగే. ఆ తరవాత నువ్వు గెంటినా పోతాను తల్లీ."

"మా కూడు తీసేవాళ్లకి నాలుగు నిమిషాలు కూడానా?"

రెక్క పట్టుకుని నడిపించింది. ఆయన గుమ్మం దాకా వెనక్కి చూస్తూనే నడిచాడు. తలుపు మూసింది.

తిరిగి లోపలికొస్తే హాలు వింతగా ఉంది.

తెర మీద ఉత్త సముద్రం. పడవ లేదు. మనిషి లేడు. నీళ్లు, అంతే.

ఒక్క కుర్చీ కిర్రుమనలేదు.

బొమ్మ అయిపోయింది. దీపాలు వెలిగాయి. రాణిగారి పాట మొదలైంది.

మూడువందలమందీ కూర్చునే ఉన్నారు. నిలబడాలన్న సంగతే మరిచిపోయారు. కార్డ్‌వెల్ ఒక్కడే నిటారుగా నిలబడి, నోరు వెళ్లబెట్టి చూస్తున్నాడు.

పాటా అయిపోయింది. అయినా ఎవరూ కదల్లేదు. మిసెస్ రిమ్మర్ ముక్కూ మొహం తెలియని పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

హిల్డా పదకొండేళ్లలో ఇలాంటిది చూడలేదు.

జనం వెళ్లాక ఊడుస్తుంటే, మొదటి వరస కింద చిన్న పుస్తకం కనిపించింది. సీట్ల లెక్కే అనుకుని తెరిచింది.

'ముందే లేచిపోయినవాళ్లు: సోమవారం నలభై. మంగళవారం ముప్పై. బుధవారం పన్నెండు. గురువారం ఇద్దరు. శుక్రవారం'

ఆ పక్కన ఖాళీ.

పుస్తకం పుచ్చుకుని వీధిలోకి పరిగెత్తింది. ముసలాయన లేడు. ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

అట్ట మీద రోలండ్ హెబ్డెన్ అని ఉంది. ఎవరో ఆమెకు తెలియదు.

మర్నాడు ఊరు ఊరంతా ఆటకు ముందే వచ్చి కూర్చుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఒక్కడూ లేడు. బొమ్మ మొదట్లో పడే పేర్లు హిల్డా ఏనాడూ చూసి ఎరగదు, ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని కూర్చోబెడుతూనే ఉండేది.

ఆ రోజు చెయ్యడానికి పనిలేక, టార్చి ఆర్పి, తలెత్తి చూసింది.

దర్శకత్వం అన్న మాట కింద, తెర నిండా, రోలండ్ హెబ్డెన్ అని పడింది.