మునేశ్వరుడి దారం

"లెయ్యి, ఇది తాగు" అనింది వరమ్మ.

నరసింహప్ప ఒక కన్ను తెరిచినాడు. తను పడుకున్న జగిలి అరుగు మీద ఎండ పడి చాలాసేపయినట్టుంది. తలలో ఎవరో రోకలి పోట్లు వేస్తున్నారు. నాలుక ఎండిన తోలుముక్క. ఎదురుగా చెంబు నిండా మజ్జిగ, అందులో చితగ్గొట్టిన చిన్నుల్లిపాయలు, ఉప్పు.

తాగొచ్చిన మరుసటి పొద్దున పెండ్లాం చేతి మజ్జిగ! ఎప్పుడూ తిట్లే కదా. పోయిన వారమే చెప్పింది, "ఇంకొక్కసారి తాగొస్తే రాయకోటకు మా అన్నోళ్ళింటికి పోతా, మళ్ళా రాను" అని. వాకిట్లో గుడ్డలు సర్దిన సంచి ఉండనే ఉంది. మరి ఈ మజ్జిగేమిటి?

"నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే" అందామె, అతని కుడిచేతి దిక్కు చూస్తా. కళ్ళలో నీళ్ళు.

చూసుకున్నాడు. మణికట్టుకు ఎర్రదారం.

మునేశ్వరుడి దారం! ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. తాగుడు మానాలనుకున్నోడు గుడికి పోయి పూజారి చేత కట్టించుకుంటాడు. గడువు తీరేదాకా చుక్క ముట్టకూడదు. ముట్టినాడో, మునేశ్వరుడు ఊరకుండడు.

నరసింహప్పకు గుడికి పోయిన గుర్తే లేదు.

"ఎన్ని నెలలకు కట్టించుకున్నావు?"

"అది... పూజారినడగాల."

"అడిగి రా. ఆమీదే సంచి విప్పుతా."

మూలన చేట పట్టుకొని రాగులు చెరుగుతున్న తల్లి ఆదిలక్ష్మమ్మ మూతి తిప్పింది. "పోయేదాన్ని పోనీరా. నీకింత సంగటి నేను కెలికి పెట్టలేనా? మజ్జిగంట, మర్యాదంట! మా కాలంలో చింతపండు నీళ్ళు మొగాన కొట్టేవాళ్ళం." ఆ విసురుకు కళ్ళజోడు జారి చేటలో పడింది. "దీని మొగం మండ" అని ఏరుకుంది.

టీ అంగట్లో సురేష్ నుదురు పట్టుకొని నిమ్మకాయ నీళ్ళు తాగుతున్నాడు. రాత్రి సూళగిరి బ్రాంది అంగట్లో తోడు కూచున్నది వాడే.

"రాత్రి నన్ను యాడ దించినావురా?"

"గుడి మలుపులో. ఆడ్నే దించమని బండి మీద నుంచి దూకబోతివి కదన్నా. ఆమీద నాకేం తెలుసు?" వాడి చూపు దారం మీద పడింది. "అబ్బో! తాగేముందు నెయ్యన్నం తిను, నడుమ నడుమ నీళ్ళు తాగు, పొద్దున తల పట్టుకోదని నేను చెప్తే, నువ్వు ఏకంగా దీనికే పోతివా? పోనీలే, దీన్ని మించిన మందు లేదు."

అంటే పోయినట్టే. పోయింటే ఇంత కూడా గుర్తు లేదే!

పూజారి మాదప్ప గుట్ట మీద గుడి ముందర కసువు ఊడుస్తున్నాడు.

"నేనా? నిన్న నేను ఊర్లోనే లేనప్పా. మనవరాలికి చెవులు కుట్టిస్తే కావేరిపట్టణం పోయినా. గుడికి బీగం. అయినా తాగినోని చేతికి నేను కడతానా? తెల్లారి తలకు పోసుకొని రావాల."

"మరి ఇది?"

"నీ చేతికుంది. నన్నడిగితే?"

గుట్ట దిగుతుంటే నరసింహప్పకు తల మళ్ళా తిరిగింది. దేవుడే దిగొచ్చి కట్టినాడా? వరమ్మ కట్టిందా? ఆమే కట్టింటే గడువు ఎందుకడుగుతుంది? పూజారి మాట చెబితే సంచి రాయకోట బస్సెక్కుతుంది. చెప్పకుంటే మునేశ్వరుడి పేరు మీద అబద్ధం.

వరమ్మ వాకిట్లోనే నిలబడుంది. సంచి కాళ్ళ దగ్గరే ఉంది.

"ఎన్ని నెలలకంట?"

నరసింహప్ప నోరు తెరిచినాడు.

"ఏడాదికంటలేమ్మా" అనింది మూలనుంచి ఆదిలక్ష్మమ్మ, చేటలోంచి తలెత్తకుండానే. "వాని మొగం చూస్తే తెలీలే? పోయి సంచి విప్పు. పొద్దున్నించీ దోవకడ్డం."

వరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, సంచి ఎత్తుకొని లోపలికి పోయింది.

ముసలామె కళ్ళజోడు మళ్ళా చేటలో పడింది. నరసింహప్ప వంగి తీసి, రాగిపొట్టు ఊది, తల్లి చేతికియ్యబోయి ఆగినాడు.

కళ్ళజోడుకు ఎప్పుడూ కట్టి వేలాడే ఎర్రదారం లేదు.