మొదటి వరుసలు

"ఈ చివరి అంచులో నాన్న పేరు నెయ్యక్కా. ఓడల్లో సీమకెళ్లే తివాచీ మీద తండ్రి పేరుండాలని కంపెనీవాళ్లు పట్టుబట్టారు," అన్నాడు మదార్.

"వాళ్లకెందుకట?" మగ్గం ముందు కూర్చున్న సకీనా ముడి బిగిస్తూ అడిగింది.

కంపెనీలో తివాచీ బేళ్ల మీద చిరునామాలు, నేసినవాళ్ల పేర్లు రాసేది మదారే. "అక్కడ పేరు చివరనే తండ్రిని తగిలిస్తారు. ఇంగ్లీషువాళ్లు సన్ అంటారు, డెన్మార్కువాళ్లు సెన్ అంటారు, రష్యావాళ్లు విచ్ అంటారు. అన్నిటికీ ఫలానావాడి కొడుకనే అర్థం."

"కూతుళ్లకి?"

"రష్యాలో ఓవ్నా అంటారు. అదీ తండ్రి పేరుకే."

"తల్లి పేరుకి తగిలించేది?"

"నాకెక్కడా కనపడలేదు."

"నాన్న ఏనాడైనా ఈ మగ్గం ముందు కూర్చున్నాడా? నాకు ముడి నేర్పింది అమ్మ. చూపు పోయేదాకా నేసిందీ అమ్మే."

"నిజమేలే. కానీ ఆ పేరు లేకపోతే తివాచీ తీసుకోరు."

సకీనా కింది దుంగకు చుట్టుకుపోయిన నేతను చూపించింది. "మహబూబ్ బీ అని మొదటి వరుసల్లోనే నేసేశాను. ఇంకో పేరు నెయ్యను. అమ్మ పేరు తియ్యాలంటే తివాచీ అంతా విప్పాలి. విప్పుకోమను."

మదార్ ఆ చుట్టను చేత్తో తడిమి చూశాడు.

"అయితే బేలు మీద కూడా అమ్మ పేరే రాస్తాను," అన్నాడు. "రాసేది నేనేగా."