పదకొండో రూలు

మోచేత్తో తలుపు తోసుకుని ఆఫీసు బంట్రోతు గవరయ్య మళ్లీ డైరెక్టర్ గదిలోకి వచ్చేశాడు. చేతుల్లో రెండు మట్టి కప్పుల టీ.

తట్టడం లేదు, అడగడం లేదు.

"పొద్దున్నుంచి ఇది మూడోసారి గవరయ్యా," అంది మౌక్తిక.

"అల్లం ఏసినానమ్మా," అన్నాడు, కప్పుని ఆమె కాగితాల మీదే పెడుతూ.

టేబులుకి అటువైపున్న డైరెక్టర్ మనోహర్ తన కప్పు అందుకున్నాడు. మెత్తని మనిషి. ఆఫీసంతా ఆయన్ని బెంగాలీలో అన్నయ్యని పిలిచినట్టు మనోహర్‌దా అంటుంది.

కలకత్తా భవానీపూర్‌లో ఓ పాత మేడ రెండో అంతస్తు. ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేసే సంస్థ. ఉద్యోగులు ఎలా నడుచుకోవాలో చెప్పే హ్యాండ్‌బుక్ ఒకటి ఉండి తీరాలని నిధులిచ్చేవాళ్లు పట్టుబట్టారు. ఆ పని మూడు నెలల కిందట విజయవాడ నుంచి వచ్చిన మౌక్తిక నెత్తిన పడింది. నాలుగు సంస్థల పుస్తకాలు ముందేసుకుని ఒక్కోదాన్నుంచి ఓ ముక్క ఎత్తి రాస్తోంది పాపం. పదకొండో రూలు మాత్రం ఆమె సొంతం.

మూసిన తలుపు తట్టకుండా, అనుమతి లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. మూడుసార్లు తప్పితే ఉద్యోగం పోతుంది.

"ఇది బాగుంది," అన్నాడు మనోహర్ చదివి.

"కమిటీ పేజీ ఖాళీగా ఉంది మనోహర్‌దా. వేధింపుల ఫిర్యాదులు తీసుకునే సభ్యుల పేర్లు..."

"తర్వాత చూద్దాంలే. ముందు ప్రింటుకిచ్చెయ్."

పుస్తకం వచ్చింది. అందరూ చదవకుండానే సంతకాలు పెట్టారు. గవరయ్య మాత్రం పట్టుకుని మౌక్తిక దగ్గరికి వచ్చాడు. అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లిలువా రైల్వే వర్క్‌షాపులో చేరాడట. మనవడికి నోటికి తెలుగు వచ్చు గానీ పుస్తకంలోని ఇంగ్లీషు కంటికి రాదు.

"ఏటి రాసినారమ్మా ఇందులో?"

తెలుగులో చదివి వినిపించింది. పదకొండో రూలు దగ్గర ఆపమన్నాడు.

"ఇదొక్కటీ తీసెయ్యలేరా?"

"ఎందుకు?"

"టీ సల్లారిపోద్దమ్మా."

మౌక్తికకి నవ్వొచ్చింది. "ఫ్లాస్కు కొనిపిస్తాలెండి. తట్టి రండి, చాలు."

"తడితే ఆగమంతారు కదమ్మా."

"ఆగండి మరి."

సంతకం పెట్టాడు. మర్నాడే తప్పాడు. రిసెప్షన్‌లో పనిచేసే రాణి మనోహర్ గదిలో ఉంది, తలుపు మూసి ఉంది, ఈయన టీతో దూరాడు. మొదటి మెమో. రెండు రోజులకి మళ్లీ రాణి ఉండగానే, మళ్లీ టీ. రెండో మెమో. మూడోసారి లోపలున్నది మౌక్తికే.

మూడో మెమో టైపు చేస్తుంటే ఆమెకి మనసు పీకింది. అతనికి ఇంకా రెండేళ్ల సర్వీసుంది.

"ఇకమీద తట్టే వస్తానని రాసివ్వండి గవరయ్యా. మనోహర్‌దాకి చెప్పి ఇది ఆపిస్తాను."

"రాసి ఇచ్చాక ఆళ్లు రమ్మనేదాకా రాకుండా ఉండాలి కదమ్మా. నేనుండలేను."

ఇంత మొండితనమేమిటో ఆమెకి అర్థం కాలేదు. విసుగొచ్చి ప్రింటు తీసింది.

శుక్రవారం ఉద్యోగం పోయి వెళ్లిపోతూ గవరయ్య ఆమె బల్ల దగ్గర ఆగాడు. "ఆ గదిలోకి ఎల్తే గుమ్మం పక్క కుర్చీలో కూకోండమ్మా."

"ఏం?"

"గాలి బాగుంటాది."

సోమవారం మనోహర్ పిలిచాడు. "తలుపెయ్యి. నీ ఉద్యోగం పర్మనెంటు చేసే సంగతి మాట్లాడాలి."

గుమ్మం పక్క కుర్చీ నిండా కొత్త హ్యాండ్‌బుక్‌ల కట్టలున్నాయి. ఎదురు కుర్చీలో కూర్చుంది.

ఆయన మెల్లగా మాట్లాడుతూ లేచాడు. టేబులు చుట్టూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు.

లేవాలని, అరవాలని మౌక్తికకి తెలుసు. చెయ్యి కిందికి జారుతోంది. ఆమె తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

తలుపు తెరుచుకోలేదు. పదకొండో రూలుని ఆఫీసంతా చక్కగా పాటిస్తోంది.

ఎంతసేపటికో ఆయన ఫోను మోగింది. మౌక్తిక బయటికొచ్చి తన సీట్లో కూర్చుంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు.

రాణి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పెట్టింది.

"నేను ఆ గదిలోకి ఎప్పుడెళ్లినా గవరయ్య మామ టీ తెచ్చేవాడు దీదీ," అంది. "నేనసలు టీ తాగను. మామకి తెలుసు."

మౌక్తిక హ్యాండ్‌బుక్ తీసి కమిటీ పేజీ తెరిచింది. సభ్యుల పేర్లకి ఐదు గీతలు, ఐదూ ఖాళీ.

ఇన్నేళ్లుగా ఈ ఆఫీసుకి ఉన్న కమిటీని, మూడు మెమోలు టైపు చేసి, శుక్రవారం నాడు తనే ఇంటికి పంపేసింది.