మెట్ల కింద నాలుగు టైర్లు

"కొత్త టైర్లు మెట్ల కింద, అరిగిపోయినవి కారుకి! ఇదెక్కడి చోద్యమండీ?" కారు తాళాలు చేత్తో పట్టుకుని అడిగింది జయలక్ష్మి. బయట కారు అద్దాల మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"మూఢంలో కొత్తవి బిగించకూడదు జయా. ఇంకా మూడు వారాలేగా, ఓపిక పట్టు," అన్నాడు శేషగిరి, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"మరి మూఢంలోనే కొన్నారుగా?"

"కొనడానికి దోషం లేదు. ఆఫరు ఆ ఒక్కరోజే ఉంది."

"నిన్న రౌండెబౌట్ దగ్గర బ్రేకేస్తే ఆగలేదండీ. జారుకుంటూ వెళ్లి రోడ్డంచు కెర్బ్‌కి కొట్టుకుంది. పక్కనుంచి లారీ వచ్చుంటే?" తాళాలు బల్ల మీద పెట్టేసింది. "నాకు భయంగా ఉంది."

"రాలేదుగా? మెల్లగా వెళ్లు. మొన్న ఎంవోటీ తనిఖీలో పాసైన టైర్లే అవి."

మెల్లగా వెళ్లమనడం శేషగిరికి తేలికే. ఆయన ఆఫీసు మేడ మీది గదిలో. మిల్టన్ కీన్స్‌లోని ఇంటి నుంచి నార్తాంప్టన్‌లో ఆస్పత్రి ల్యాబ్‌కి రోజూ ఆ కారు నడిపేది ఆమె.

పోనీ ఆయనకి టైర్ల గురించి తెలియదా అంటే, తయారుచేసినవాడికి కూడా అంత తెలిసుండదు. వింటర్ టైర్లా, ఆల్ సీజన్ టైర్లా అని నెల రోజులు తలబద్దలు కొట్టుకున్నాడు. ఇరవై ఏడు రకాలకి ఎక్సెల్ షీటు తయారుచేశాడు. తడిలో పట్టెంత, మంచులో పట్టెంత, చప్పుడెన్ని డెసిబెల్సు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చివరికి, మంచులోనూ జారవని కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తున్న ఆల్ సీజన్ టైర్లు నాలుగు ఎంచి తెప్పించాడు. తెప్పించి, ఒక్కోదాన్నీ చెత్తకి వాడే నల్ల బిన్ బ్యాగులో చుట్టి, టేపేసి, పసుపు రాసి, బొట్టు పెట్టి మెట్ల కిందికి తోశాడు. ఇంటికొచ్చి టైర్లు మార్చే ఫిట్టర్ కార్డు మీద ముహూర్తం రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. ఇంత జాగ్రత్తపరుడు ఊళ్లో ఇంకొకడు లేడు.

జయలక్ష్మి ఇంకో రెండు రోజులు పోరింది. మూడో రోజునుంచి టైర్ల మాటే ఎత్తలేదు. తన మాటకి ఎంత బలముందో చూసుకుని శేషగిరి తన భుజం తానే తట్టుకున్నాడు.

పైగా ఆమెకి భక్తి కూడా కుదిరింది.

"శుక్రవారం కదండీ, టైర్లకి బొట్టు పెట్టలేదేం?" అని గుర్తుచేసింది ఒకరోజు.

"అరెరె, మర్చేపోయాను," అంటూ ఆయన మీటింగు మ్యూట్‌లో పెట్టి కిందికి పరిగెత్తాడు. నాలుగు బ్యాగులకీ బొట్లు పెట్టి, అగరొత్తి వెలిగించి, ఒక దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

ఆ మరుసటి వారమే మంచు కురిసింది. రెండు రోజులు ఊరంతా జారింది. జయలక్ష్మి మాత్రం పొద్దున ఆరున్నరకి వెళ్లి, సాయంత్రం క్షేమంగా తిరిగొచ్చింది.

"ఏమైనా జారిందా?" అడిగాడు శేషగిరి.

"లేదండీ. రోడ్డుని పట్టుకున్నట్టే వెళ్లింది. అంతా మీ పూజ."

ఆ మాట చాలు ఆయనకి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, మూఢంలో టైర్లు మార్పించుకున్న మర్నాడే ఆ గ్రూపులోని శశాంక్ కారు తోట గోడని గుద్దుకుందని ఎవరో ఫొటో పెట్టారు. శేషగిరి వెంటనే అందుకున్నాడు. "మా మిసెస్ అరిగిన టైర్లతో రెండు రోజులు మంచులో తిరిగింది. చిన్న గీత కూడా పడలేదు. పద్ధతి పాటిస్తే గ్రిప్ అదే వస్తుంది." దండం బొమ్మలు పద్నాలుగు వచ్చాయి. జయలక్ష్మిదీ ఒకటి.

మూఢం వెళ్లింది. శనివారం పది గంటల ఇరవై నాలుగు నిమిషాలకి ముహూర్తం. ఆ రోజు జయలక్ష్మికి సెలవే.

"నువ్వూ బయటికి రా," అన్నాడు శేషగిరి.

"చలండీ. మీ చేతుల మీదుగానే జరగనివ్వండి," అని ఆమె టీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుంది.

షాన్ అనే ఫిట్టర్ వ్యాన్‌లో వచ్చాడు. కారు చూశాడు. ఇంటి నంబరు చూశాడు. మళ్లీ కారు చూసి తల గోక్కున్నాడు. ఏదో అనబోతే శేషగిరి చెయ్యడ్డం పెట్టాడు.

"ఇంకా ఏడు నిమిషాలుంది. అంతదాకా మాట్లాడకు."

నాలుగు నిమ్మకాయలు సిద్ధంగా పెట్టుకుని, హారతిచ్చి, డ్రైవ్‌వే మీద కొబ్బరికాయ కొట్టాడు. చిప్ప ఎగిరి షాన్ బూటు మీద పడింది. సరిగ్గా పది ఇరవై నాలుక్కి శేషగిరి మొదటి బ్యాగు టేపు కోశాడు.

లోపల టైరు గుండులా నున్నగా ఉంది. ఉన్న కాస్త గాడిలో గులకరాళ్లు ఇరుక్కుని ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ అంతే.

"మోసం!" శేషగిరి ముఖం జేవురించింది. "అరిగిపోయిన సరుకు అంటగట్టారు! నన్ను! ఇరవై ఏడు రకాలు పరిశీలించిన నన్ను! ఇప్పుడే రివ్యూ రాస్తా. ఒక్క స్టార్!"

షాన్ బూటు మీది కొబ్బరిచిప్ప దులుపుకుని, మెల్లగా ముందుకొచ్చాడు.

"మేట్, ఇవి మూడు వారాల కింద ఈ కారు నుంచి నేనే ఊడదీసినవి. పారేయడానికి తీసుకుపోతానంటే మీ మిసెస్ వద్దన్నారు, మా ఆయన పూజకి కావాలన్నారు."