పెద్దాయన ఏరుకున్న మనిషి

పిల్లలకు వేసే టీకాల వల్లే ఆటిజం వస్తోందని పెద్దాయన ముప్పై ఏళ్లుగా కాలికి బలపం కట్టుకుని ఊరూరా చెబుతున్నాడు. చివరికి పరిశోధన సంస్థవాళ్లు విసుగెత్తి ఆయన్నే పిలిచారు.

“ఆరు లక్షల మంది పిల్లల రికార్డులున్నాయి. టీకాలు వేయించుకున్నవాళ్లూ ఉన్నారు, వేయించుకోనివాళ్లూ ఉన్నారు. లెక్క తేల్చే మనిషిని మీరే ఎంచుకోండి” అన్నారు.

పెద్దాయన పదకొండు మందిని ఇంటర్వ్యూ చేసి పంపేశాడు. ఒకతను మరీ ఎక్కువ నవ్వాడు. ఒకామె టీ తాగుతారా అని అడిగింది. ఆయన లెక్కలో అదీ లంచమే.

పన్నెండో అతను నచ్చాడు. వచ్చినవాడు పలకరించలేదు. మొహంలోకి చూడలేదు. చప్పుడు పడదంటూ ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాడు. చెమటలు కారుతున్నా పెద్దాయనకు ముచ్చటేసింది.

“మొహమాటం తెలియని మనిషి. ఇలాంటివాణ్ణి ఎవడూ కొనలేడు” అని భార్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

నాలుగు నెలలకు లెక్క తేలింది. టీకాలు వేయించుకున్న పిల్లల్లో ఆటిజం ఎంత ఉందో, వేయించుకోనివాళ్లలోనూ అంతే ఉంది.

“మగపిల్లల్ని విడిగా చూడు బాబూ” అన్నాడు పెద్దాయన.

చూశాడు. తేడా లేదు.

“నెలలు నిండకుండా పుట్టినవాళ్లని?”

లేదు.

“ఏడాదిలోపు వేయించుకున్నవాళ్లని చూడవయ్యా.”

అక్కడా లేదు. ‘నిజం గెలిచింది’ అని ముందే అచ్చు వేయించిన కరపత్రాలు గది మూలన కట్టలుగా పడున్నాయి. పెద్దాయన మొహం మాడిపోయింది.

“అయితే నిన్నూ కొనేశారన్నమాట.”

“ఈ పద్ధతికి మీరే సంతకం పెట్టారు. ఒప్పందం మూడో పేజీలో ఉంది.”

“పేజీలు నాకు చెప్పకు” పెద్దాయన బల్ల గుద్దాడు. “ఆటిజం అంటే బిడ్డ బతికుండగానే పోవడం. అలాంటి పిల్లలు పెద్దయ్యాక ఎందుకూ పనికిరారు. ఆ తల్లుల ఏడుపు నేను విన్నాను. అంకెలు తప్ప నీకేం తెలుసు? అలాంటివాణ్ణి ఒక్కణ్ణయినా దగ్గర్నుంచి చూశావా?”

అతను ఆ ప్రశ్న గురించి కూడా కాసేపు శ్రద్ధగా ఆలోచించాడు.

“నాకు ఆటిజం ఉందని మూడో ఏటే చెప్పారండీ, నేను కడుపులో ఉండగా మీ ఉపన్యాసం విన్న మా అమ్మ నాకు ఒక్క టీకా కూడా వేయించలేదు” అన్నాడు.