రెండొందల మాలకొండయ్యలు

"ఊళ్ళో మాలకొండయ్యలందరూ వచ్చిందాకా ఈ మాలకొండయ్య నిలబడాల్నా?"

దుత్తలూరు నుంచి వచ్చిన పెద్దాయన కౌంటరు మీద చెయ్యేసి గట్టిగా అడిగాడు. లోపల చీటీలు రాసే అమ్మాయి సారా పెదవి కొరుక్కుంటూ కంప్యూటర్ వైపు చూస్తోంది. ఆయన పేరు కొట్టి నిమిషం దాటింది. తెర ఇంకా నల్లగానే ఉంది.

ఆత్మకూరులో డేవిడ్‌రాజు డాక్టరు ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చి రెండు నెలలు. పేరు కొడితే పాత చీటీ నంబరు చూపించాలి, దాని పనల్లా అంతే. కానీ ఆ చుట్టుపక్కల ఇంటికో మాలకొండయ్య ఉంటాడు. ఆసుపత్రి చీటీల్లోనే రెండొందల పన్నెండు మంది. వాళ్ళందరినీ పోగేసుకుని గానీ తెర ముఖం చూపించదు. మొదటి నెల ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఈ నెలలో మరీ మొండికేసింది.

ఆ ప్రోగ్రాం రాసింది ఉదయగిరి కుర్రాడు శాంతికుమార్. నెల్లూరులో కోర్సు చేసి వచ్చి సొంతంగా రాసిన మొదటి పని అది. దాన్ని బాగుచెయ్యడానికి ఈ నెలంతా శనివారం శనివారం వస్తున్నాడు. నాలుగో శనివారం కూడా పొద్దున బస్సుకే దిగాడు. చెప్పులు గది బయట విడిచాడో లేదో, డాక్టరు ఎదురయ్యాడు.

"శాంతీ, ఈరోజే ఆఖరు. సాయంత్రానికి కాకపోతే దాన్ని మూలన పెట్టి పాత రిజిస్టర్లు దించుతా. సారా కూడా ఇంకో పని చూసుకోవాల."

శాంతికుమార్ గబగబా గదిలోకి నడిచాడు. తన పేరు పోతే పోయింది, సారా కుర్చీ పోతే ఆ ముఖం ఎట్లా చూడడం?

గదిలో రెబెకమ్మ ఉంది. ఆసుపత్రికి పెద్ద నర్సు, సారాకు పెద్దమ్మ. తల్లి లేని పిల్లను పెంచింది ఆమే. ముప్పై ఏళ్ళుగా ఆదివారం ఆరాధన తప్పని మనిషి. బల్ల కింద కంప్యూటర్ పెట్టెకు పూలకుట్టు గలేబు కుట్టి తొడిగింది కూడా ఆమే. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు.

"వచ్చినావా అబ్బాయ్? నువ్వు చేసింది కంప్యూటరా, ఎద్దా? మూడు వారాలుగా చూస్తా ఉండా!"

"కరెంటు సరిగా వస్తా ఉండాదా సిస్టరమ్మా?"

"వస్తా ఉండాది."

"లోపల దుమ్ము?"

"నేనుండగా దుమ్మా?"

"పెట్టె ముందరి టర్బో బటన్ నొక్కే ఉండాదా? అది బయటికొస్తే స్పీడు సగానికి పడిపోతుంది."

"పొద్దున తుడిచినప్పుడు చూసినాలే. తప్పంతా నీ రాతలో ఉండాది, పెట్టెలో గాదు."

నిజమేననుకున్నాడు పాపం. తలొంచుకుని కూర్చున్నాడు.

అప్పటికి చెయ్యని ప్రయత్నం లేదు. మొదటి శనివారం రంగులూ గీతలూ తీసేశాడు. రెండో శనివారం, వెతుకుతున్నంతసేపూ తెర మీద అంకెలు కదిలేట్టు చేశాడు. అంకెలు చూస్తూ జనం కాసేపు అరవడం మానారు. మూడో శనివారం పేర్లన్నీ వరసలో పేర్చాడు. మొదటి వారం మధ్యాహ్నం బస్సుకు వెళ్ళినవాడు, రెండో వారం మూడింటి బస్సుకు, మూడో వారం సాయంత్రం బస్సుకు వెళ్ళాడు. వారం వారం సారా తెచ్చే టీలు కూడా ఒకటొకటి పెరిగాయి.

మధ్యాహ్నం దాకా అతను కొట్టాడు, చెరిపాడు. తెర కదల్లేదు. "నా వల్ల గాదు సారా గారూ" అన్నాడు చివరికి.

సారా కౌంటరు దగ్గర చీటీలు రాసుకుంటూనే అంది: "మీరు పేరు ముందడుగుతా ఉండారు. నేనెప్పుడూ ఊరు ముందడుగుతా. వరికుంటపాడు అంటే చాలు, సగం మంది పోతారు."

శాంతికుమార్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంతకాలం చెప్పలేదే!"

"మీరు అడగలేదే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇక అతని వేళ్ళు ఆగలేదు. ముందు ఊరు, తర్వాత పేరు. అందరినీ పోగెయ్యకుండా మొదటి పదిమందిని చూపించి, మిగతావాళ్ళను అడిగితేనే తేవాలి. సారా ఊళ్ళ పేర్లు చెబుతుంటే అతను కొట్టాడు. సాయంత్రం నాలుగింటికి డాక్టర్ని పిలిచారు.

"దుత్తలూరు మాలకొండయ్య" అన్నాడు డాక్టరు.

సారా కొట్టింది. ఇట్టే వచ్చేశాడు.

"అనుమసముద్రంపేట మాలకొండయ్య!"

అతనూ ఇట్టే వచ్చాడు. డాక్టరు చిన్నపిల్లాడిలా వరసగా పది ఊళ్ళు అడిగి, శాంతికుమార్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "శభాష్! ఇంక నువ్వు రావాల్సిన పని లేదు పో!"

ఆ మాటకు శాంతికుమార్ నవ్వు సగంలో ఆగింది. సారా కీబోర్డు మీది అక్షరాలు లెక్కపెట్టసాగింది. డాక్టరు వెళ్ళాక అతను రెబెకమ్మ వైపు తిరిగాడు.

"సిస్టరమ్మా... రేపు మా అమ్మను తీసుకొని మీ చర్చికి రావచ్చునా?"

"చర్చికి రావడానికి నన్నడగడం ఏంది?"

"ఆరాధన అయినాక... మీ ఇంటికి... సారా గారి విషయం మాట్లాడేదానికి."

రెబెకమ్మ సారా వంక చూసింది. సారా తల ఎత్తలేదు గానీ, చెవులదాకా నవ్వు పాకింది.

"కోడికూర వండతాలే, రండి."

అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బస్టాండుకు పరుగెత్తాడు. సారా ఆనందం పట్టలేక పెద్దమ్మను చుట్టేసుకుంది.

"నెల రోజులూ ఆయన్ను అన్నేసి మాటలంటివే పెద్దమ్మా!"

"అనకపోతే పని నేర్చుకుంటాడా? నువ్వు పద, తాళం వేసి వస్తా."

సారా గుమ్మం దాటి వెనక్కి చూసింది. రెబెకమ్మ బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. స్తుతి ప్రార్థన కాబోలనుకుని, సారా చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగింది.

రెబెకమ్మ గలేబు కింద చెయ్యి పెట్టి, నెల తర్వాత టర్బో బటన్ లోపలికి నొక్కింది.